దుప్పట్ల ఫైటులో పడేవాడు

మూడో అంతస్తు, ఆసుపత్రి వెనక వీధి
వానలు మొదలైన వారం

చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం నా వల్ల కాదు. బాగాలేం. మీ బావ పడిపోయాడు. సినిమాలో పడ్డట్టు కాదు. స్నానాల గదిలో, బకెట్ పక్కన, చప్పుడైనా లేకుండా. నేను తలుపవతల నిలబడి "ఇంకెంతసేపు, ట్యాంకు ఖాళీ చేస్తారా ఏంటి" అని తిడుతూనే ఉన్నాను. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి తలుపు తోశాను.

ఒక పక్కంతా పడిపోయింది. మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వస్తోంది. మనిషి పుల్లలా ఉంటుంది, గొంతు మాత్రం బస్సు హారన్. ఇప్పుడు కదిలిస్తే లేచి కూర్చుంటారు, ఇప్పుడు వదిలేస్తే ఇక మంచానికే అంటుంది. కానీ ఈయన కదలడు. "సార్, చెయ్యి ఎత్తండి" అంటే పైకప్పు చూస్తాడు. "సార్, పక్కకి తిరగండి" అంటే కళ్లు మూసుకుంటాడు. అంత ఎగిరి దూకిన మనిషి తనంతట తాను పక్కకి కూడా తిరగడు.

ఏం చెయ్యాలో తోచక పాత సినిమాలు పెట్టాను. మీ కుంగ్‌ఫూ కామెడీలు. తన మొహం కనబడ్డా ఆయనలో చలనం లేదు. నువ్వు తెర మీదికొచ్చావు చూడు, గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు పొలమారిందనుకుని వీపు నిమిరాను. నవ్వు! మంచి చెయ్యి దుప్పటి మీద గెంతింది. ఆ అమ్మాయి ఒక్క ఎగురు ఎగిరి "అమ్మా, ఈ పడే ఆయన బతికే ఉన్నారా? ఉంటే పిలిపించండి" అంది. బతికే ఉన్నాడు, నా తమ్ముడే, కానీ మాకు మాటల్లేవు అని ఎలా చెప్పను?

ఫోను చేస్తే ఊ అంటావు, పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్ని ఊ అని పెట్టేయలేవుగా.

ఒక్క దెబ్బ. అదీ పొరపాటున తగిలింది. దానికి ఇన్నేళ్లు అలిగి కూర్చున్నావు. చాలు. రా.

అక్క


పరుపుల కొట్టు, వంతెన కింద

అక్కా,

ఉత్తరం అందింది.

రాను.

పడిపోయింది ఏ చెయ్యో రాయలేదు. కుడి చెయ్యి అయితే దానికి తగిన శాస్తే జరిగింది.

పరుపు పంపుతున్నాను. ఒకే వాటంగా పడుకుంటే వీపు పుండ్లు పడుతుంది. నడుం కింద మెత్తగా, మడమల దగ్గర గట్టిగా కుట్టాను. అప్పుడప్పుడు తిరగెయ్యి, ఎండ చూపించు. ఆయన కోసం కాదు. ఆయన్ని ఎత్తీ దించీ నువ్వు నడుం విరగ్గొట్టుకుంటావని.

వెనక్కి పంపితే తగలబెడతాను.

తమ్ముడు


మూడో అంతస్తు

నీ పరుపు మెట్ల మీద ఉంది. లోపలికి తేనివ్వలేదు. కింద అంతస్తు ఆవిడ పిల్లి దాని మీద పడుకుంటోంది. పడుకోనీ.

కుడి చెయ్యే. సంతోషమా?

చిన్నోడా, నిన్ను చంకనేసుకుని తిప్పిన దాన్ని నేను. నీ ముక్కు తుడిచిన దాన్ని నేను. ఊళ్లో చెట్ల మీంచి, గోడల మీంచి దూకుతూ తిరుగుతుంటే, వీడు ఎందుకూ పనికిరాడు అని నాన్న తలపట్టుకుంటే, "పడటమే పని అయిన చోటుంది, పంపించండి" అని మీ బావ చేత చెప్పించి సినిమా ఫైటర్ల దగ్గర చేర్పించిన దాన్నీ నేనే. ఆయన నిన్ను పక్కన పెట్టుకున్నాడు. ప్రతి సినిమాలో పెట్టుకున్నాడు. "నా బావమరిది రబ్బరు, ఎక్కడ వేసినా లేస్తాడు" అని అందరికీ చెప్పుకునేవాడు. ఆ చేతి మీదా నీ కసి?

అందరికీ తెలిసిన మాట నేనూ చెప్తాను, విను. దుప్పట్ల ఫైటులో నువ్వు మెడ సమయానికి తిప్పలేదు. ఫైట్లు నేర్పే మాస్టారే అన్నాడు. మీ బావ నాతో ఎన్నిసార్లు చెప్పుకుని బాధపడ్డాడో నీకు తెలుసా? "వాడి ధ్యాస ఎక్కడుందో, మెడ తిప్పలేదు, తగిలేసింది" అని. నీ తప్పుకి ఆయన బాధపడితే నువ్వు మూతి ముడుచుకుని పరుపుల కొట్లో కూర్చున్నావు.

ఆయన మీద కోపం, సరే. నేనేం చేశాను? నాన్న పోయిన రోజు మెట్ల మీద "చిన్నోడా" అని పిలిచాను. గొంతు చించుకుని పిలిచాను. బంధువులంతా చూస్తున్నారు. నువ్వు తల తిప్పి చూడనైనా లేదు, నేను లేనట్టే దిగి వెళ్లిపోయావు. ఆ రోజు అనుకున్నాను, నాకు తమ్ముడు లేడని.

లేని తమ్ముడికి ఇప్పుడు రాస్తున్నానంటే నా ఖర్మ ఎంత కాలిందో చూసుకో. నిన్న మళ్లీ దుప్పట్ల ఫైటు పెట్టాను. లాండ్రీలో తడి దుప్పట్ల మధ్య ఆయన దాక్కుని, తుమ్ము ఆపుకోలేక తుమ్మి, నీకు దొరికిపోయి, "సారీ అన్నా, సారీ" అంటూ కొడతాడు చూడు. పక్కింటి వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. నీ తల మీద బకెట్ బోర్లించి తట్టేసరికి ముసలీ ముతకా ఒకటే నవ్వు. ఆ చివరి దెబ్బ దగ్గర నేను పొట్ట పట్టుకున్నాను, ఇంత దుఃఖంలోనూ. మీ బావ కూడా నవ్వాడు.

ఆ నవ్వుకైనా రావా?

అక్క అని రాయాలో వద్దో తెలియడం లేదు


పరుపుల కొట్టు

అక్కా,

పడటం గురించి నువ్వు నాకు చెప్పొద్దు.

ఇంత పొడుగు ఉత్తరం నేను ఎన్నడూ రాయలేదు. ఊరి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు. తప్పులుంటే సర్దుకుని చదువు.

నీ మొగుడు గొప్ప నటుడు. కాదనను. కండలున్నవాడు కొడితే జనం చప్పట్లు కొడతారు. ఆయనకి కండల్లేవు. భయపడుతూ కొట్టేవాడు. కొట్టాక చెయ్యి నొప్పెట్టి ఊదుకునేవాడు. కుర్చీ దొరికితే కుర్చీ, తడిగుడ్డ దొరికితే తడిగుడ్డ. పారిపోతూ పారిపోతూ గెలిచేవాడు. టికెట్ కొన్న ప్రతివాడికీ ఆయనలో తన మొహం కనబడేది. ఇప్పటి సినిమాల్లో కొట్టినవాడికి చెయ్యి నొప్పెట్టదు. అందుకే నేను చూడను.

కానీ నవ్వు ఎక్కడుంటుందో నీకు తెలీదు. దెబ్బలో ఉండదు. పడటంలోనూ ఉండదు. పడ్డవాడు లేస్తాడు చూడు, అందులో ఉంటుంది. లేవకపోతే అది శవం. శవాన్ని చూసి ఎవడు నవ్వుతాడు? వాడు లేచి, చొక్కా దులుపుకుని, బుద్ధి లేకుండా మళ్లీ ఆ దెబ్బకే ఎదురెళ్తాడు. జనం అప్పుడు నవ్వుతారు. అది మా పని. హీరో పని కాదు.

దెబ్బ ఎలా కొడతారో కూడా చెప్తాను. నేల మీద సుద్దగీత గీస్తారు. కొట్టేవాడి ముందు కాలు ఆ గీత దాటకూడదు. గీత దగ్గర నిలబడి ఎంత గట్టిగా విసిరినా పిడికిలి నా దవడకి నాలుగు వేళ్ల ఎడంగా పోతుంది. నేను మెడ తిప్పుతాను. చప్పుడు తర్వాత స్టూడియోలో తడి తోలు మీద కర్రతో కొట్టి కలుపుతారు. అంతే. నన్ను ఒళ్లంతా కొట్టారు, అక్కా, ఎవడి చెయ్యీ తగల్లేదు. సుద్దగీత దేవుడు మాకు.

ఆ రోజు పొద్దున ముందురోజు తీసిన రీలు గోడ మీద వేసి చూశాం. లైట్లు పట్టేవాళ్లు, మేకప్ వాళ్లు, అందరూ నేను కనబడితే నవ్వారు. హీరో కనబడితే ఊరుకున్నారు. మాస్టారు నోరు ఊరుకోక "రబ్బరూ, హీరోని మింగేస్తున్నావురా" అన్నాడు. నీ మొగుడు కూడా నవ్వాడు. అందరికన్నా గట్టిగా నవ్వాడు.

మధ్యాహ్నం కొట్టాడు.

నేను మెడ తిప్పాను. పూర్తిగా తిప్పాను. నేను పిడికిలి చూడాలి గానీ ఆయన కాలు చూడలేను. అయినా తగిలింది. గీత దాటితే తప్ప తగలదు. షాట్ అయ్యాక నేను లేచేసరికి ఆయన మాస్టారికి చెప్పేశాడు, వీడు మెడ తిప్పలేదని. పడేవాడి మాట ఎవడు వింటాడు? ఆ షాటే ఉంచారు. సినిమా మొత్తానికి జనం ఎక్కువ నవ్వింది దానికే.

ఎడమ చెవిలో ఏదో తెగింది. ఆ రోజు నుంచి ఆ పక్క నాకు లోకం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెవిటివాణ్ణి ఎవడు పడనిస్తాడు? వెనక నుంచి "ఆగు" అంటే వినపడాలి. చెప్పకపోతే పని ఉంటుందనుకున్నాను. కానీ మెడ తిప్పడం రాని ఫైటర్ అన్న పేరు నాకన్నా ముందే అన్ని స్టూడియోలకీ వెళ్లింది. ఒక్కడు పిలవలేదు. పరుపులు కుట్టడం నేర్చుకున్నాను.

నీకు చెప్పలేదు. నీ కాపురం. చెప్తే నువ్వు ఎటు ఉండాలి?

నాన్న పోయిన రోజు మెట్ల మీద పిలిచానన్నావు.

ఏ పక్క నుంచి పిలిచావు?

తమ్ముడు


మూడో అంతస్తు
వానలు వెనకబట్టాక

చిన్నోడా,

ఎడమ పక్క నుంచి. నీకు ఎడమ పక్కన నిలబడి పిలిచాను. నీ ఉత్తరం అందిన రోజే కళ్లు మూసుకుని ఆ మెట్లు గుర్తుచేసుకున్నాను. గోడ నీకు కుడి పక్కన ఉంది. నేను ఎడమ పక్కన ఉన్నాను.

వెంటనే రాయనందుకు తిట్టుకుని ఉంటావు. దాచను, చెవి సంగతి నమ్మాను గానీ ఆయన కావాలని కొట్టాడన్నది నమ్మలేదు. కట్టుకున్నవాడు. అన్నేళ్లు ఒకే కంచంలో తిన్నట్టు బతికాం. నా తమ్ముణ్ణి కొట్టి వచ్చి, అదే చేత్తో నా చేతిలో టీ గ్లాసు అందుకున్నాడని ఎలా నమ్మను? వాడు తప్పు చేసి సిగ్గుపడి కథ అల్లాడు అనుకున్నాను. నిన్ను అలా అనుకున్నాను.

మొన్న ఆ అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. మెడ తిప్పే వ్యాయామం ఈయనకి ఎంత చెప్పినా ఎక్కడం లేదు కదా, నిన్ను చూపించి నేర్పిద్దామని. టీవీలో ఆ దెబ్బ దగ్గర బొమ్మని మెల్లగా నడిపించింది. ఒక్కొక్క బొమ్మే కదులుతుంటుంది. "చూడండి సార్, ఆయన ముందు గడ్డం తిప్పారు, తర్వాత భుజం, చూశారా?" అంటూ చూపిస్తోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మా, ఈయన మెడ అప్పటికే తిప్పేశారు కదా. మరి ఎలా తగిలింది?"

"మళ్లీ వెయ్యి" అన్నాను.

మళ్లీ వేసింది. నేను నీ మొహం చూడలేదు ఈసారి. కింద చూశాను. నేలంతా తడి. ఆ తడిలో చెరిగీ చెరగని తెల్లటి గీత. నువ్వు రాయకపోతే అది గీత అని కూడా నాకు తెలిసేది కాదు. ఆయన ఎడమ కాలు గీతకి ఇవతలే ఉంది. చెయ్యి లేచింది. నీ గడ్డం తిరిగింది. అప్పుడు, చిన్నోడా, అప్పుడు ఆ కాలు గీత దాటింది. జారలేదు. జారితే వేళ్లు పైకి లేస్తాయి కదా, నాకు తెలీదా, తడి నేల తుడిచి తుడిచి బతికిన దాన్ని. నేల చూసుకుని, కావాలని, నిదానంగా వేశాడు అడుగు.

నేను ఈ సినిమా ఎన్నిసార్లు చూశాను! హాల్లో చూశాను, టీవీలో చూశాను. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని "అదిగో మావయ్య, ఇప్పుడు చూడు ఇప్పుడు చూడు" అని వాళ్ల మొహాలు తిప్పి మరీ చూపించాను. ప్రతిసారీ నవ్వాను. నీ చెవి పోతుంటే నవ్వాను.

ఆ అమ్మాయిని పంపేశాను. రేపటి నుంచి రానక్కర్లేదన్నాను. పాపం, తనేం తప్పు చేసిందో తెలీక చెప్పులు వేసుకుంటూ నా మొహం చూసింది. తర్వాత మంచం దగ్గరికి వెళ్లి అడిగాను. "గీత ఎందుకు దాటావయ్యా?" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని ఏకవచనంతో పిలవడం అదే మొదలు. కళ్లు గోడ వైపు తిప్పుకున్నాడు. మాట పోయింది, చెవులు పోలేదు. విన్నాడు.

అప్పటి నుంచి టీవీ ఆపేశాను. ముద్ద పెడుతున్నాను, గుడ్డలు మారుస్తున్నాను. మాట్లాడటం లేదు. పడుండనీ. పైకప్పు చూస్తాడో గోడ చూస్తాడో ఆయనిష్టం. లేచి ఏం ఉద్ధరించాలి?

నువ్వు రావద్దు. ఈ ఇంటి గడప తొక్కొద్దు. పిలిచినందుకు నా చెప్పుతో నేను కొట్టుకోవాలి.

పరుపు మాత్రం లోపలికి తెచ్చాను. నేను పడుకుంటున్నాను దాని మీద.

అక్క


పరుపుల కొట్టు

అక్కా,

ఆ పరుపు నీ కొలతలకి కుట్టింది కాదు. ఆయన కింద వెయ్యి. నీకు వేరేది కుడతాను.

ఆ పిల్లని మళ్లీ పిలువు. ఇవాళే పిలువు. కదిలించకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి. పడేవాళ్లలో నడుం విరిగినవాళ్లని చూశాను. వదిలేసినవాడు లేవలేదు.

నీకు కోపం వచ్చింది. రానీ. కానీ దెబ్బ తిన్నది నేను. ఇన్నేళ్లు మోసింది నేను. నాది లాక్కుని నువ్వు ఆయన్ని చంపొద్దు. అలా చంపేటట్టయితే ఆ మధ్యాహ్నమే లేచి చంపేవాణ్ణి. నా కోపం నాది. దాన్ని నువ్వు వాడుకోకు.

ముద్ద పెట్టేటప్పుడు మొహం చూసి పెట్టు.

నువ్వు రమ్మంటే రాలేదు. వద్దన్నావు కాబట్టి వస్తున్నాను. ఆదివారం. వంట ఏమీ చెయ్యకు. నేను ఆయనతో తేల్చుకోవాలి. నువ్వు గదిలోకి రావద్దు.

తమ్ముడు


పరుపుల కొట్టు
చలి మొదలైంది

అక్కా,

చెప్పకుండా వచ్చేశాను. నువ్వు వంటింటి తలుపేసుకుని గిన్నెలు విసురుతున్నావు. తలుపు కొట్టడానికి ధైర్యం చాల్లేదు. లోపల ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. నువ్వు మళ్లీ పిలిపించిన ఆ పిల్ల ఒకలా చెప్తుంది. నేను చూసింది ఇది.

నేను గదిలోకి వెళ్లేసరికి ఆయన గోడ వైపు ఉన్నాడు. చాలా చిన్నగా అయిపోయాడు. తెర మీద ఎంత ఉండేవాడు. బస్సులో వస్తూ వస్తూ అనాల్సినవన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. నా సంగతి నీకు తెలుసు. గోడకి వేసిన రంగు చూస్తూ నిలబడ్డాను.

ఆ పిల్ల ఊరుకోదుగా. "సార్, అక్కడ నిలబడితే ఎలా, ఆయనకి కనబడేలా రండి. ఏదైనా మాట్లాడండి" అని నా చెవిలో అరిచింది. వినపడే చెవిలోనే. మంచం అవతలికి వెళ్లాను.

చూశాడు.

చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీశాడు. పిడికిలి బిగించాడు. నెమ్మదిగా వెనక్కి లాగాడు. ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఎత్తని చెయ్యి అది.

ఆ పిడికిలి నా వైపు వచ్చింది. గాలిలో ఈదుతున్నట్టు వచ్చింది. నా మోకాళ్లు నన్ను అడగలేదు అక్కా, వాటంతట అవే వంగాయి. గడ్డం సగం తిరిగిపోయింది. ఒంటికి సిగ్గుండదు. మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా నేను పడాలా? ఇప్పుడు కూడా?

"పడను బావా" అన్నాను.

చెయ్యి ఆగింది.

"నేను మెడ తిప్పాను. నువ్వు గీత దాటావు. నేను పడను" అన్నాను. గట్టిగానే అని ఉంటాను. నువ్వు గిన్నెలు విసరడం ఆపావు, అది వినపడింది.

ఆయన తన పిడికిలి చూసుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. దుప్పటి కింద తన కాళ్ల వైపు చూశాడు. నా మొహం చూశాడు. మాట కోసం నోరు తెరిచాడు, గాలి వచ్చింది. నేను సాయం చెయ్యలేదు. ఆ పిల్ల "సార్ అలిసిపోతున్నారు" అంటున్నా పక్కకి జరగలేదు.

అప్పుడు ఆ పిడికిలితో తన దవడ మీద తనే కొట్టుకున్నాడు.

కొట్టుకుని, పడ్డాడు. తల తిరిగింది, దాని వెనకాల భుజం, భుజం వెనకాల ఒళ్లంతా, దొర్లి కుడి పక్కన పట్టీకి వెళ్లి తగిలాడు. పంచె ఊడి వెనకభాగం అంతా గాలికి తేలింది. ఆ పిల్ల దుప్పటి కప్పాలో గెంతాలో తెలీక రెండూ చేసింది. "తిరిగారు! ఎవరూ పట్టుకోకుండా తిరిగారు!" అని కేకలు.

ఆయన దిండులో మొహం పెట్టుకుని ఉన్నాడు. భుజం ఊగుతోంది. నవ్వో ఏడుపో నేను వంగి చూడలేదు.

నాకు నవ్వు రాలేదు అక్కా. ఎందుకంటే అది సరిగ్గా పడటం కాదు. ఆయన జన్మలో పడలేదు కదా, ఎలా వస్తుంది? అదే చెప్పాను.

"మెడ ఆలస్యమైంది బావా. మళ్లీ."

ఆ పిల్ల నన్ను కొరికేసేలా చూసింది. "ఏంటి సార్ మీరు, ఆయన పేషెంటు."

"పేషెంటు కాదమ్మా, కొత్తగా చేరిన ఫైటరు. వెల్లకిలా తిప్పు. మళ్లీ" అన్నాను.

మళ్లీ పడ్డాడు. మళ్లీ తిప్పాం. చెమటలు పట్టాయి ఆయనకి. నేను కనికరించలేదు. గడ్డం ముందు, భుజం తర్వాత, అని నా గడ్డం తిప్పి చూపిస్తూ చెప్పాను. చివరికి ఆ పిల్ల మా ఇద్దర్నీ తిట్టి లైటు ఆపింది.

వచ్చేటప్పుడు నా చొక్కా అంచు పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

కోపం పోయిందా అని అడుగుతావు. పోలేదు. బస్సులో కూడా నా పక్క సీట్లోనే కూర్చుంది. వచ్చే ఆదివారం వస్తాను. ఆయనకి లేవడం రావాలంటే ముందు పడటం రావాలి. అది నేర్పేవాళ్లు ఆసుపత్రిలో ఉండరు.

తమ్ముడు


మూడో అంతస్తు
చలికాలం చివర

చిన్నోడా,

నువ్వు వెళ్లిన ఆదివారం తర్వాత మళ్లీ ఆదివారం వస్తావు కదా, ఈలోపల ఉత్తరం ఎందుకంటావు. ఎదురుగా అంటే నువ్వు గోడ రంగు చూస్తావు. అందుకని రాస్తున్నాను.

మీ బావ నిన్న మంచం అంచున కూర్చున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. కాసేపే. తర్వాత పక్కకి ఒరిగాడు, కానీ ఒరిగేటప్పుడు ముందు గడ్డం తిప్పుకున్నాడు, తర్వాత భుజం. నువ్వు నేర్పినట్టే. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. నేను ఇంకా ఆయనతో సరిగ్గా మాట్లాడటం లేదు. తిన్నారా, పడుకుంటారా, అంతే. మీరిద్దరూ దవడలు బాదుకుని తేల్చుకున్నారు. బాగుంది. నాకు అబద్ధం చెప్పింది మటుకు ఇంకా తేలలేదు. ఆయనకి మాటొచ్చేదాకా ఆగుతాను. రానీ, చెప్తాను.

కానీ ఈ ఉత్తరం ఆయన గురించి కాదు.

నిన్న ఆయన నిద్రపోయాక నేనొక్కదాన్నే దుప్పట్ల ఫైటు పెట్టుకున్నాను. ఎందుకు పెట్టానో అడక్కు. ఆ దెబ్బ వచ్చింది. నవ్వలేదు. ఆపబోయాను, రిమోట్ ఎక్కడో పెట్టాను, చేతికి దొరకలేదు. అందుకని దాని తర్వాతది చూశాను. ఇన్నేళ్లలో మొదటిసారి చూశాను. ఎప్పుడూ ఆ దెబ్బకి నవ్వుతూ కళ్లు మూసుకునేదాన్ని, కళ్లు తెరిచేసరికి వేరే సీను.

నువ్వు తడి దుప్పట్ల గుట్టలో పడి ఉన్నావు. కదల్లేదు. తర్వాత లేచావు. చెయ్యి ఎడమ చెవి దగ్గరికి వెళ్లింది. సగంలో ఆపేశావు. ఆపేసి, ఆ చేత్తోనే నెత్తి మీద దుప్పటి తీసి, పిండి, దులిపి, చక్కగా మడతపెట్టి, బుట్టలో పెట్టావు. ఆయనకి దండం పెట్టావు. పెట్టి, అప్పుడు, మళ్లీ వెల్లకిలా పడ్డావు. హాల్లో జనం ఎందుకు అంతగా నవ్వారో నాకు అప్పుడు అర్థమైంది. వాళ్లు నవ్వింది ఆయన కొట్టినందుకు కాదు.

చెవిలోంచి ఏం కారుతోందో, తల ఎంత తిరుగుతోందో, ఆ దుప్పటి మడత మాత్రం అంచుకి అంచు కలిసింది. అమ్మ మనకి నేర్పిన మడత.

అది చూసి నాకు ఏడుపు రాలేదు చిన్నోడా. కోపం వచ్చింది. ఆయన మీద వచ్చిన దానికన్నా ఎక్కువ వచ్చింది, నీ మీద. ఎందుకు లేచావురా? ఎవరు లేవమన్నారు నిన్ను? కెమెరా తిరుగుతోందనా? లేవకుండా ఆ తడిలో అలాగే పడి ఉంటే మాస్టారు పరిగెత్తుకొచ్చేవాడు, ఎవడో ఒకడు నీ చెవి చూసేవాడు, ఎవడో ఒకడు నేల మీద గీత చూసేవాడు. నాకు కబురొచ్చేది. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చేదాన్ని. ఎటు ఉండాలో నాకు తెలియదనుకున్నావా?

ఉత్తరం రాయకు. ఆదివారం వస్తావుగా, నా ఎదురుగా కూర్చుని చెప్పు. ఎందుకు లేచావో చెప్పేదాకా ఆ గదిలోకి వెళ్లనివ్వను.

అక్క